ఆరు నెలలు దాటితే మీ ఇంటి మనిషి కాదు

చదువు అయ్యాక, సరైన ఉద్యోగం దొరికేలోపు ఒక ఏడాది ఇంటింటి సర్వేలో పనిచేశాను. 40 పేజీల ఫారం. ఆదాయం, ఖర్చు, అప్పులు, ఎవరెన్ని రోజులు పనికి వెళ్ళారు, అన్నీ అడగాలి. మొదటి పేజీలో ఇంట్లోవాళ్ళ పేర్లు. గడిచిన ఏడాదిలో ఆరు నెలలకు మించి బయట ఉన్నవాళ్ళ పేరు మాత్రం రాయకూడదు. ట్రైనింగులో ఈ రూలు మూడుసార్లు చెప్పారు. తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయట.

ఒక ఇంట్లో ఒక పెద్దావిడ పేర్లు చెప్పుకుంటూ వచ్చింది. తను, భర్త, కొడుకు, కోడలు, ఇద్దరు మనవలు. కొడుకు ఎక్కడున్నాడని అడిగితే, పని కోసం వేరే దేశం వెళ్ళి రెండేళ్ళయిందంది.

"అయితే ఆయన పేరు రాయకూడదమ్మా."

"మా ఇంటి మనిషిని మా ఇంట్లో లేడని ఎట్లా రాస్తావు బాబూ?"

రూలు వివరించాను. ఆవిడకు అర్థం కాకపోవడం కాదు, ఒప్పుకోలేదు. చివరికి కోడలు "పోనీలెండి అత్తయ్యా" అంటే ఊరుకుంది. నేను పేరు కొట్టేశాను. అక్కడితో అయిపోయిందనుకున్నా. 27వ పేజీకి వచ్చేసరికి ఇంకో ప్రశ్న ఉంది: బయట ఉన్నవాళ్ళు ఈ ఇంటికి పంపిన డబ్బు ఎంత? అడిగాను. ఆవిడ కాసేపు నన్నే చూసి, "మనిషి లేడు గానీ, వాడి డబ్బు ఉందా?" అంది.

ఏం చెప్పాలో తెలియక అంకె రాసుకుని వచ్చేశాను.

ఇదంతా మళ్ళీ గుర్తు రావడానికి కారణం ఈ మధ్య విన్న ఒక ప్రసంగం. మాట్లాడినావిడ అసమానతలు, వలసలు, లేబర్ మార్కెట్ల మీద పరిశోధన చేస్తారు. ఒక స్లయిడు మీద "వలసల వల్ల అసమానత పెరిగిందా?" అని ఉంది. వెనక వరసలోంచి ఒకాయన లేచి "ఎవరెవరి మధ్య అసమానత అండీ?" అని అడిగాడు. అక్కడక్కడా నవ్వారు. ఆవిడ నవ్వలేదు. "దానికి జవాబు చెప్పాలంటే నాకు ఇంకో గంట కావాలి" అన్నారు. ఆ గంట ఆవిడకు ఇవ్వలేదు. టీ బ్రేక్ అయిపోయింది, తర్వాతి ప్రసంగం మొదలైంది.

ఆ గంటలో ఆవిడ ఏం చెప్పేవారో నాకు తెలియదు. నేనైతే ఇది చెప్పేవాణ్ణి: ఈ రంగంలో జరిగే పోట్లాటల్లో చాలా భాగం జవాబుల గురించి కాదు, మొదటి పేజీలో ఎవరి పేరు రాశాం, ఎవరిది కొట్టేశాం అన్నదాని గురించి. మనం చోట్లను లెక్కపెడుతున్నాం. మనుషుల్ని లెక్కపెడితే జవాబులు వేరుగా వస్తాయి. ఇది రాయడం మొదలుపెట్టినప్పుడు ఈ అభిప్రాయం మీద నాకు ఇప్పుడున్నన్ని అనుమానాలు లేవు.

ఎవరూ నష్టపోకుండానే పెరిగే అసమానత

ఆర్థికవేత్త సైమన్ కుజ్నెట్స్ పేరు చెప్పగానే అందరికీ ఆ బోర్లించిన చట్టి లాంటి గీత గుర్తొస్తుంది. దేశం ఎదిగేకొద్దీ అసమానత ముందు పెరిగి తర్వాత తగ్గుతుందన్న గీత. 1955లో వచ్చిన ఆ వ్యాసం గురించి జనం మరిచిపోయే సంగతులు రెండున్నాయి. ఒకటి, అందులో 5 శాతం సమాచారం, 95 శాతం ఊహ అని ఆయనే ఒప్పుకున్నాడు. ఈ రోజుల్లో అలా రాస్తే పేపరు వెనక్కి వచ్చేస్తుందేమో. రెండోది నాకు ముఖ్యం: ఆ గీతను నడిపించే ఇంజన్లలో ఒకటి, మనుషులు పొలం పని వదిలి వేరే పనికి, వేరే చోటికి కదలడం. కుజ్నెట్స్ స్వయంగా 1922లో అమెరికాకు వలస వచ్చిన మనిషి.

ఆయన లెక్కను ఇంకా సులువు చేసి చూద్దాం. ఒక పల్లె, ఒక పట్నం. పల్లెలో 100 మంది, తలా 10 సంపాదిస్తారు. పట్నంలో ఎవరు పనిచేసినా 30 వస్తుంది, కానీ ఇంకా అక్కడ ఎవరూ లేరు. ఇప్పుడు అసమానత సున్నా. ఒక్కొక్కరే బయలుదేరారు. పది మంది వెళ్ళారు, ముప్ఫై మంది వెళ్ళారు. అసమానత పెరుగుతూ పోతుంది. చివరి మనిషి కూడా పట్నం చేరేసరికి మళ్ళీ సున్నా. ఈ మధ్యలో ఎవరి సంపాదనైనా తగ్గిందా? ఎవరిదీ తగ్గలేదు. కానీ దారి తొలి భాగంలో ఏ ఏడాది పేపరు తిరగేసినా "పెరుగుతున్న అంతరాలు" అన్న హెడ్డింగు ఉంటుంది. ఆ హెడ్డింగు అబద్ధం కూడా కాదు.

ఇంకొంచెం తిప్పి చూడండి. పల్లె సగటు 10, అందులో ఒకాయన 12 సంపాదిస్తాడు. పట్నం సగటు 30. ఆయన అక్కడికి వెళ్ళి 20 తెచ్చుకుంటున్నాడు. సగటు కంటే పైనున్న మనిషి పోయాడు కాబట్టి పల్లె సగటు తగ్గింది. సగటు కంటే కింది మనిషి చేరాడు కాబట్టి పట్నం సగటూ తగ్గింది. రెండు చోట్లా బీదరికం పెరిగిందని రెండు నివేదికలు వస్తాయి. జరిగిందల్లా ఒక మనిషి 12 నుంచి 20కి వెళ్ళడం. రెండు నివేదికల్లోనూ కనపడనిది అదొక్కటే.

లెక్కల గారడీ అని తీసిపారేయడానికి లేదు. మైకెల్ క్లెమెన్స్, లాంట్ ప్రిచెట్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2008లో ఒక చిన్న పని చేశారు. దేశంలో ఉంటున్నవాళ్ళ సగటు ఆదాయం బదులు, ఆ దేశంలో పుట్టినవాళ్ళు ఎక్కడున్నా సరే వాళ్ళ సగటు ఆదాయం కట్టారు. హైతీ దగ్గర వచ్చిన అంకె చూసి నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. రోజుకు 10 డాలర్ల దగ్గర గీత గీసి, హైతీలోనూ అమెరికాలోనూ ఉన్న హైతీ మనుషుల్లో ఆ గీత దాటినవాళ్ళందరినీ ఒక చోట కలిపితే, ప్రతి ఐదుగురిలో నలుగురు అమెరికాలో ఉన్నారు. అంటే హైతీ వాళ్ళు పేదరికం దాటిన దారి ఏదని అడిగితే, పెద్ద జవాబు పరిశ్రమలూ కాదు, పథకాలూ కాదు, ఆ దేశం వదలడం. కానీ హైతీ అభివృద్ధి లెక్కల్లో వాళ్ళెవరూ లేరు. ఆరు నెలలు దాటింది కదా.

మయామి గొడవ

ఇక్కడి నుంచి ఎవరైనా వెంటనే అడిగే ప్రశ్న: వెళ్ళినవాడు బాగుపడ్డాడు సరే, వెళ్ళిన చోట ఉన్నవాళ్ళ సంగతేమిటి? ఆర్థికవేత్తలు నలభై ఏళ్ళుగా ఎక్కువ సమయం పెట్టింది ఈ ప్రశ్న మీదే. అందులోనూ ఒక్క ఊరి మీద వాళ్ళు చేసినంత యుద్ధం మరెక్కడా చేసినట్టు లేరు.

1980 ఏప్రిల్‌లో క్యూబా ప్రభుత్వం, వెళ్ళదలుచుకున్నవాళ్ళు మరియెల్ రేవు నుంచి వెళ్ళొచ్చంది. కొన్ని నెలల్లోనే సుమారు 1,25,000 మంది పడవలెక్కి అమెరికాలోని ఫ్లోరిడా చేరారు. దాదాపు సగం మంది మయామిలోనే స్థిరపడ్డారు. ఆ ఊళ్ళో పనివాళ్ళ సంఖ్య ఒక్క దెబ్బతో 7 శాతం పెరిగింది. డేవిడ్ కార్డ్ దీన్ని అట్లాంటా, హ్యూస్టన్, లాస్ ఏంజెలిస్, టాంపాలతో పోల్చి చూసి 1990లో పేపరు వేశాడు. తక్కువ చదువున్న స్థానికుల కూలి మీదా, నిరుద్యోగం మీదా చెప్పుకోదగ్గ ప్రభావమేదీ కనపడలేదు. మార్కెట్లోకి సరుకు ఎక్కువొస్తే ధర పడాలి కదా అన్న పాఠానికి ఇది అడ్డం తిరిగింది. 2021లో ఆయనకు నోబెల్ వచ్చింది, లేబర్ మార్కెట్ల మీద చేసిన ఇలాంటి పనులకే.

జార్జ్ బోర్హాస్ ఒప్పుకోలేదు. ఈయన 1962లో, 12 ఏళ్ళ వయసులో క్యూబా నుంచే అమెరికా వచ్చాడు. వలసల వల్ల స్థానికులకు నష్టమని వాదించే ఆర్థికవేత్తల్లో అందరికంటే పేరున్నది, వలస వచ్చిన ఈయనకే. ఇది ఎత్తిపొడుపుగా అనడం లేదు. సొంత జీవితానికి అడ్డంగా వాదించగలగడం నాకు గౌరవమే. 2017లో అచ్చయిన పేపర్లో ఆయన మరియెల్‌ని తిరగదోడాడు. హైస్కూలు పూర్తి చెయ్యనివాళ్ళనే చూడాలి, అందులో మగవాళ్ళనే, 25 నుంచి 59 ఏళ్ళ మధ్యవాళ్ళనే, హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్ళు) కానివాళ్ళనే అన్నాడు. అలా చూస్తే వాళ్ళ కూలి 10 నుంచి 30 శాతం పడిపోయిందని తేల్చాడు.

ఇక మొదలైంది. జియోవాన్ని పెరి, వాసిల్ యసెనోవ్ ఆడవాళ్ళను ఎందుకు తీసేశారు, పాతికేళ్ళ లోపువాళ్ళను ఎందుకు తీసేశారని అడిగి, వాళ్ళను కలిపితే ఆ పతనం కనపడటం లేదన్నారు. ఇంతకీ ఇంత జల్లెడ పట్టాక సర్వేలో మిగిలిన మయామి మగవాళ్ళు ఎంతమంది? ఏడాదికి 20 మంది, అటూ ఇటూగా. ఈ 20 మంది జీతాల సగటు మీద వలస విధానాల చర్చ నడిచింది.

అసలు మెలిక తర్వాత వచ్చింది. అదే రోజుల్లో అమెరికా జనగణన సంస్థ, తక్కువ ఆదాయపు నల్లజాతి మగవాళ్ళు సర్వేలకు సరిగా దొరకడం లేదని గమనించి, వాళ్ళను లెక్కలోకి తెచ్చే ఏర్పాట్లు చేసింది. దాంతో బోర్హాస్ చూసిన ఆ చిన్న గుంపులో నల్లజాతివాళ్ళ వాటా ఒక్కసారిగా పెరిగింది. అప్పట్లో వాళ్ళ సంపాదన మిగతావాళ్ళ కంటే తక్కువ కాబట్టి, ఎవరి కూలీ తగ్గకపోయినా గుంపు సగటు పడిపోతుంది. ఇది 2019లో క్లెమెన్స్, జెన్నిఫర్ హంట్ కలిసి చూపించారు. బోర్హాస్ దీన్ని కూడా ఒప్పుకోలేదు.

పల్లె-పట్నం లెక్క ఇక్కడ మళ్ళీ కనపడుతోంది కదా. అంతకుముందు ఫారంలో లేని మనుషుల పేర్లు ఫారంలోకి వచ్చాయి. సగటు తగ్గింది. ఆ తగ్గుదలకు కారణం పడవల్లో వచ్చినవాళ్ళని చదువుకున్నాం.

అలాగని కార్డ్ పక్షాన జెండా పట్టుకుని నిలబడటం కూడా అంత తేలిక కాదు. జాషువా ఆంగ్రిస్ట్, ఆలన్ క్రూగర్ ఒక విచిత్రమైన సంగతి బయటపెట్టారు. 1994 వేసవిలో క్యూబా నుంచి మళ్ళీ జనం పడవలు కట్టుకుని బయలుదేరారు. ఈసారి అమెరికా వాళ్ళను మయామికి రానివ్వకుండా క్యూబాలోనే ఉన్న తన గ్వాంటనామో సైనిక స్థావరానికి మళ్ళించింది. అంటే వలస వెల్లువ జరగలేదు. అయినా కార్డ్ పద్ధతిలోనే 1993ని 1995తో పోల్చి చూస్తే, మయామిలో నల్లజాతివాళ్ళ నిరుద్యోగం 3 శాతం పాయింట్లకు పైగా పెరిగినట్టు తేలుతుంది. రాని వలసవాళ్ళు పోగొట్టిన ఉద్యోగాలన్నమాట! ఒకవేళ ఆ పడవలు నిజంగా మయామి చేరి ఉంటే, ఈ అంకెను పట్టుకుని ఎన్ని ప్రసంగాలు జరిగి ఉండేవో. ఒక ఊరిని ఒకసారి చూసి తేల్చేది ఎంత తక్కువో దీన్ని బట్టి తెలుస్తుంది.

నా వరకు కార్డ్ చెప్పిందే సత్యానికి దగ్గరగా ఉందనిపిస్తుంది. ఇతర చోట్ల చూసినవీ చాలావరకు అటే మొగ్గాయి. 1962లో అల్జీరియా నుంచి సుమారు 9 లక్షల మంది ఫ్రాన్సుకు తిరిగొచ్చినప్పుడు కూడా కూలి మీద ప్రభావం ఒక శాతం చుట్టుపక్కలే ఉందని హంట్ లెక్కగట్టింది. కానీ నన్ను ఆపేది వేరే. నలభై ఏళ్ళ ఈ పోట్లాటలో, ఆ పడవలెక్కిన 1,25,000 మందికి ఏమైంది అన్నది ఎప్పుడూ అసలు ప్రశ్న కాలేదు. కార్డ్ పేపర్లోనే మయామి క్యూబన్ల జీతాల అంకెలున్నాయి. వాటి కోసం ఎవరూ కొట్టుకోలేదు.

బావ మాట

ఇక్కడిదాకా రాసుకుని ధీమాగా ఉన్నాను. ఆ ధీమాను మా బావ పాడుచేశాడు.

బావ వెల్డరు. పని మీద మాటొచ్చినప్పుడు నేను మయామి కథ చెప్పి, కొత్తవాళ్ళ వల్ల పాతవాళ్ళ కూలి తగ్గదని చాలా దేశాల్లో తేలింది బావా అన్నాను. అతను అడ్డుకోలేదు, చివరిదాకా విన్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "నాకూ తగ్గించలేదు. నన్ను తీసెయ్యలేదు కూడా. కాకపోతే ఎవరైనా మానేస్తే ఆ చోట్లోకి మా పిల్లల్ని తీసుకోవట్లేదు. నీ పేపర్లో పని దొరకనివాడి కూలి ఏ కాలమ్‌లో రాస్తారు?"

నా దగ్గర జవాబుంది. కానీ అది నాకు అనుకూలమైన జవాబు కాదు. 1991లో జర్మనీ తన సరిహద్దు జిల్లాల్లో చెక్ పనివాళ్ళను అనుమతించింది. పొద్దున వచ్చి పనిచేసి వెళ్ళిపోవాలి, అక్కడ కాపురం పెట్టకూడదు. క్రిస్టియన్ డస్ట్‌మన్, ఊటా షోన్‌బర్గ్, యాన్ స్టూలర్ ముగ్గురూ దీన్ని ఒక్కో పనివాడి రికార్డుతో సహా చూసి 2017లో ప్రచురించారు. స్థానికుల జీతాలు కొద్దిగానే తగ్గాయి. కానీ స్థానికుల ఉద్యోగాలు గట్టిగానే తగ్గాయి. అది కూడా ఉన్నవాళ్ళను పీకేసి కాదు, ఎక్కువగా కొత్తగా తీసుకోవడం తగ్గించి. అచ్చం బావ చెప్పినట్టే.

మయామికీ దీనికీ తేడా ఉంది. మయామి వచ్చినవాళ్ళు అక్కడే ఇల్లు అద్దెకు తీసుకున్నారు, అక్కడే బట్టలు కొనుక్కున్నారు. వాళ్ళ ఖర్చు ఇంకొకరికి పని అయింది. చెక్ పనివాళ్ళు జీతం జేబులో పెట్టుకుని సాయంత్రానికి సరిహద్దు దాటేవారు. అంటే వలస ప్రభావం ఇంత అని ఒక్క అంకె ఉండదు. ఏ షరతుల మీద రానిచ్చారన్నది ఆ అంకెను మార్చేస్తుంది. బావకు ఇది చెబితే, "సరే, తేడా ఉంది. మా పిల్లలకు పని మాత్రం లేదు" అన్నాడు.

నేను కాపాడుకోవాలనుకుంటున్న వాదన దగ్గరికి ఇక్కడ వచ్చాను. చోటును కాకుండా మనిషిని లెక్కపెట్టాలంటే, ఆ మనుషుల్లో బావ కొడుకు కూడా ఉండాలి. వలస వెళ్ళినవాడికి వచ్చిన లాభం పెద్దది, స్థానికుడి నష్టం చిన్నది, కూడితే లాభమే కదా అనడం నాలాంటివాళ్ళకు తేలిక. నేను చేసే పనికి పోటీ రావాలంటే నా భాష వచ్చి ఉండాలి, నా డిగ్రీలు ఉండాలి. వెల్డింగుకు అవేవీ అక్కర్లేదు. కూడికలో లాభం వచ్చినంత మాత్రాన, అది నష్టపోయినవాడి చేతికి నడిచి వెళ్ళదు. అలా చేర్చే ఏర్పాటు చెయ్యని ప్రభుత్వాన్ని వదిలేసి వచ్చినవాణ్ణి తిట్టడం తప్పే. ఆ ఏర్పాటు లేదన్న సంగతి వదిలేసి కూడిక చూపించడం కూడా తప్పే, అది నేను చేసిన తప్పు.

బావ పక్కన ఉన్న కొత్తవాళ్ళ సంగతి ఇంకోటి. జియాన్‌మార్కో ఒటావియానో, పెరి కలిసి అమెరికా లెక్కలు చూసినప్పుడు, కొత్తగా వచ్చినవాళ్ళ వల్ల అందరికంటే ఎక్కువ దెబ్బ తగిలింది అంతకుముందు వలస వచ్చినవాళ్ళకే అని తేలింది. పోటీ నేరుగా వాళ్ళతోనే కాబట్టి. స్థానికులా, వలసవాళ్ళా అని రెండు కాలమ్‌లు పెట్టుకుని కూర్చుంటే ఇది కనపడదు.

గేటు మూస్తే

"అయితే గేటు మూసేస్తే పోలేదా?" అన్నాడు బావ. అతను నిజంగా అలా అనుకుంటాడని కాదు, నన్ను లాగుతున్నాడు.

మూసి చూశారు. 1942 నుంచి అమెరికా పొలాల్లోకి మెక్సికో కూలీలను ఒప్పందం మీద రప్పించే బ్రాసెరో పథకం ఉండేది. 1964 చివర్లో దాన్ని ఆపేశారు. ఆపడానికి చెప్పిన కారణం మంచిదే: స్థానిక వ్యవసాయ కూలీల రేట్లు పెరగాలి. క్లెమెన్స్, ఈథన్ లూయిస్, హానా పోస్టెల్ ఆ రికార్డులన్నీ తవ్వి 2018లో పేపరు వేశారు. ఈ కూలీలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో, అసలు లేని రాష్ట్రాల్లో కంటే కూలి రేట్లు ఎక్కువేమీ పెరగలేదు. టమాటా కోసే యంత్రం అప్పటికే తయారై ఉంది. మనుషులు చవగ్గా దొరికినన్నాళ్ళూ దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. మనుషులు పోయాక అందరూ కొన్నారు. యంత్రం లేని పంటలు కొన్నిచోట్ల వెయ్యడమే తగ్గించారు.

"అంటే వాళ్ళను పంపించేసినా ఆ పని నాకు రాదు."

"యంత్రానికి వస్తుంది."

బావ నవ్వాడు. వెల్డింగుకు కూడా యంత్రాలున్నాయని మా ఇద్దరికీ తెలుసు.

అతను అడిగిన ప్రశ్నల్లో నాకు బాగా పనికొచ్చింది దీని తర్వాతిది: కొత్తగా వచ్చినవాడు తక్కువకు ఎందుకు ఒప్పుకుంటున్నాడు? పాఠ్యపుస్తకం ప్రకారం, వాడి ఊళ్ళో ఇంకా తక్కువ కాబట్టి. అది సగమే. వాడి కాగితాలు ఒక్క యజమాని పేరు మీదే ఉంటే, నచ్చకపోతే పక్క కంపెనీకి పోలేడు. ఇంటికే పోవాలి. ఆ సంగతి యజమానికి తెలుసు. జీతం అక్కడే నిర్ణయమవుతుంది.

2011లో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ ఒక నిబంధన మార్చింది. కాంట్రాక్టు గడువు ముగిసిన పనివాడు పాత యజమాని అనుమతి లేకుండానే కొత్త యజమాని దగ్గర చేరొచ్చంది. సురేశ్ నాయుడు, యా న్యార్కో, షింగ్-యి వాంగ్ ముగ్గురూ జీతాల చెల్లింపుల రికార్డులు పట్టుకుని చూశారు. అలా స్వేచ్ఛ దొరికినవాళ్ళ సంపాదన 10 శాతానికి పైగా పెరిగింది. దేశం వదిలి వెళ్ళిపోయేవాళ్ళు తగ్గారు. అంతకుముందు జీతం తక్కువగా ఉన్నది పనితనం తక్కువై కాదు, తలుపు మూసి ఉండి. బావ రేటు పెరగకపోవడానికి పక్కవాడి కాళ్ళకున్న తాడు కూడా ఒక కారణమైతే, ఆ తాడు విప్పడం బావకు లాభం. వలస మీద వాదించుకునే రెండు పక్షాలూ దీని గురించి మాట్లాడేది తక్కువ.

ఇక్కడ ఆపేస్తే నా వాదనకు బాగుండేది. కానీ అదే పేపర్లో ఇంకో సంగతి ఉంది. నిబంధన మారాక, కంపెనీలు కొత్తగా బయటి నుంచి తెచ్చుకునేవాళ్ళ సంఖ్య తగ్గించాయి, కొత్తవాళ్ళకిచ్చే జీతమూ తగ్గింది. లోపలున్నవాళ్ళు బాగుపడ్డారు. ఇంకా విమానం ఎక్కనివాళ్ళు నష్టపోయారు, కొందరికి ఎక్కే అవకాశమే పోయింది. ఆ నష్టపోయినవాళ్ళకు తాము నష్టపోయామని తెలిసే దారి కూడా లేదు. మనిషిని లెక్కపెట్టాలని గట్టిగా చెప్పే నేను, రాని మనిషిని ఎట్లా లెక్కపెట్టాలో చెప్పాలి.

వెంటపడి చూస్తే

ఒక చోట దాదాపు చెయ్యగలిగారు. ఈ పరిశోధన జరిగిన రోజుల్లో న్యూజీలాండ్ టోంగా దీవుల నుంచి ఏటా కొద్దిమందిని, 250 మందిని, లాటరీ తీసి రానిచ్చేది. పేరు వచ్చినవాళ్ళకూ రానివాళ్ళకూ మధ్య తేడా అదృష్టం తప్ప ఇంకేమీ కాదు. మామూలుగా వలస పరిశోధనలన్నింటినీ వెంటాడే అనుమానం ఒకటుంది: వెళ్ళినవాళ్ళు అసలే చురుకైనవాళ్ళేమో, ఉన్నచోటే ఉన్నా బాగుపడేవాళ్ళేమో. ఆ అనుమానాన్ని లాటరీ తీసేస్తుంది. డేవిడ్ మెకెంజీ, జాన్ గిబ్సన్, స్టీవెన్ స్టిల్మన్ ఇద్దరి వెంటా పడి చూశారు. మొదటి ఏడాదిలోనే వెళ్ళినవాళ్ళ ఆదాయం 263 శాతం పెరిగింది, అంటే మూడున్నర రెట్లు దాటింది. మనిషి అదే, చేతులు అవే. నిలబడ్డ నేల మారింది. లాటరీ సాయం లేకుండా మామూలు పద్ధతుల్లో లెక్కగడితే ఆ లాభం ఉన్నదానికంటే ఎక్కువగా కనపడుతుందని కూడా వాళ్ళే చూపించారు.

వాళ్ళు అక్కడితో ఆగలేదు, వెనక మిగిలినవాళ్ళ ఇళ్ళకూ వెళ్ళారు. లాటరీ తగిలినవాళ్ళు భార్యాపిల్లల్ని తీసుకుపోవచ్చు, తల్లిదండ్రుల్ని, తోబుట్టువుల్ని తీసుకుపోకూడదు. అలా మిగిలిన ఇళ్ళలో తొలి సంవత్సరాల్లో చేతికందే వనరులు తగ్గాయి. పంపిన డబ్బు, పోయిన మనిషి సంపాదన లోటును పూర్తిగా పూడ్చలేదు.

ఇది చదివాక నేను మళ్ళీ ఆ పెద్దావిడ ఇంటికి వెళ్ళాను, మనసులోనే. ఆ రోజు నేను రూలు తప్పి కొడుకు పేరు రాసి ఉంటే ఏమయ్యేది? అప్పుడు ఆయన అక్కడ సంపాదించేదంతా ఈ ఇంటి ఆదాయం. ఆరుగురితో భాగిస్తే ఆ ఇల్లు పేదరికపు గీత దాటి పైన ఎక్కడో కూర్చునేది. కానీ ఆవిడ అనుభవిస్తున్నది ఆ ఆదాయం కాదు, అందులోంచి వచ్చిన ముక్క. పేరు కొట్టేసినందువల్ల, ఆవిడ ఇంట్లో నిజంగా ఖర్చుకు దొరికేది ఎంతో ఫారం సరిగ్గానే చెప్పింది. అంటే ఆ రూలు తెలివితక్కువ రూలు కాదు. ఈ ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతోంది అన్న ప్రశ్నకు అది సరైన రూలు. ఈ ఇంటి మనుషులు ఎలా ఉన్నారు అన్న ప్రశ్నకు కాదు. మనం మొదటి ప్రశ్నకు వచ్చిన జవాబు తీసుకుని రెండోదానికి అతికించేస్తున్నాం. దేశాల అసమానత లెక్కల్లోనూ అదే చేస్తున్నాం.

ఆర్థికవేత్త బ్రాంకో మిలనోవిచ్ లెక్కలో, ప్రపంచంలో మనుషుల ఆదాయాల మధ్య ఉన్న తేడాల్లో సగానికి మించిన భాగం, ఏ దేశంలో ఉన్నాం అన్న ఒక్క సంగతితోనే తేలిపోతుంది. అంటే ప్రపంచంలోని అసమానతలో పెద్ద ముక్క సరిహద్దు దగ్గర ఉంది, మన సర్వేలన్నీ సరిహద్దు లోపలే ఆగిపోతాయి. ఎందుకు ఆగుతాయో తెలుసు. సర్వేకు డబ్బిచ్చేది ప్రభుత్వం, ప్రభుత్వానికి ఓటేసేది లోపల ఉన్నవాళ్ళు. బావ కొడుక్కి ఓటుంది. మరియెల్ నుంచి పడవెక్కినవాడికి అప్పటికి లేదు. ఒక ప్రభుత్వం తన ఓటర్ల కూలి గురించి ముందు అడగడంలో అన్యాయం కూడా లేదు. పరిశోధకులు కూడా ఆ ప్రశ్నే ముందు అడగాలా అన్నదే నా ఇబ్బంది.

వెళ్ళినవాణ్ణి, వెనక మిగిలినవాళ్ళని, వెళ్ళిన చోట పక్కన నిలబడ్డవాణ్ణి, ముగ్గురినీ ఒకే ఫారంలో ఏళ్ళ తరబడి వెంటాడే సర్వేలు రావాలని నా కోరిక. ఖరీదైన పని. మనుషులు ఫోన్ నంబర్లు మారుస్తారు, ఊళ్ళు మారుస్తారు, కాగితాలు సరిగా లేనివాళ్ళు తలుపే తియ్యరు. టోంగాలో అయిందంటే అప్పట్లో అక్కడి నుంచి లాటరీ మీద వెళ్ళింది ఏటా 250 మందే కాబట్టి అయింది. కోట్ల మందికి అది చెయ్యలేమంటే నేను వాదించను.

ఈ వ్యాసం పెట్టే ముందు, తన మాటలు రాశాను కాబట్టి, బావకు ఫోన్ చేసి మొత్తం చదివి వినిపించాను. జర్మనీ భాగం రెండుసార్లు చదివించుకున్నాడు. అంతా అయ్యాక కాసేపు మాట్లాడలేదు. లైన్ కట్టయిందేమో అనుకున్నా.

"ఆ మయామి వాళ్ళు, ఏడాదికి 20 మంది అన్నావే. వాళ్ళ గురించే కదా అంత గొడవ."

"అవును."

"వాళ్ళనెవరైనా వెళ్ళి అడిగారా, ఏమైందని?"

సర్వే ఫైళ్ళలో పేర్లు ఉండవు బావా, తీసేసి ఇస్తారు అని చెప్పాను.